రోడ్డు సైకిలుకు నప్పే బూట్లు: అంచు చూసి ఎంచుకునే పద్ధతి

ఎర్ర ఫ్రేముతో ఉన్న రోడ్డు సైకిలు కొన్న కొత్తలో, దానికి అచ్చంగా కలుస్తాయనిపించి, ఒక దుకాణంలో ట్యూబులైటు వెలుగులో చూసి ఎర్ర బూట్లు తెచ్చుకున్నాను. మరునాడు ఉదయం నల్లగొండ నుంచి పానగల్లు వైపు వెళ్లి చెరువు కట్ట దగ్గర సైకిలు దిగేసరికి, ఎండలో ఫ్రేము కుంకుమ రంగులోను, బూట్లు పండిన టమాటా రంగులోను కనిపించాయి. రెండూ ఎరుపులే, కానీ ఒకదాని పక్కన మరొకటి నిలవలేకపోయాయి. ఇంటికి వచ్చి ఆ సంగతి చెబితే మా అమ్మ తన నారాయణపేట చీర అంచు చూపించి, "ఒంటి రంగుకు రైక ఎవరన్న కొంటరా బిడ్డా? అంచు చూసి తీసుకోవాలె" అన్నది. ఆ తరువాత నేను కొన్న ప్రతి జత బూట్లకూ, తోటివారికి ఎంచి పెట్టిన బూట్లకూ ఆ మాటే ఆధారమైంది. ఈ మార్గదర్శిలో చెప్పబోయే పద్ధతి కూడా అదే: బూట్లను ఫ్రేముతో కాక, సైకిలు అంచుతో కలపాలి.

ముందు పెడల్, తరువాత పాదం

రంగు గురించి ఆలోచించే ముందు తేల్చుకోవలసిన విషయాలు రెండున్నాయి. మొదటిది, మీ సైకిలుకు ఉన్న పెడల్ ఏ రకానిది అన్నది. పెడల్‌లో ఇరుక్కుని పాదాన్ని పట్టి ఉంచడానికి బూటు అడుగున బిగించే ముక్కలను క్లీట్లు అంటారు. అవి ప్రధానంగా రెండు తరహాలు. మూడు బోల్టులతో బిగించే పెద్ద క్లీట్లు రోడ్డు సైకిళ్ల కోసం వచ్చినవి. మంచు మీద జారే స్కీలకు బూట్లను బిగించే పరికరాలు చేసే లుక్ అనే ఫ్రెంచి సంస్థ 1984లో ఈ తరహా పెడల్‌ను మార్కెట్లోకి తెచ్చింది. మరుసటి సంవత్సరం ఫ్రెంచి సైకిలు వీరుడు బెర్నార్డ్ ఇనో ఆ పెడళ్లతోనే టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పోటీ గెలవడంతో, అంతవరకు తోలు పట్టీలతో పాదాన్ని పెడల్‌కు కట్టుకున్న పోటీదారులు క్రమంగా వాటిని వదిలేశారు. రెండు బోల్టులతో బిగించే చిన్న క్లీట్లను షిమానో అనే జపాను సంస్థ 1990లో కొండదారుల సైకిళ్ల కోసం తెచ్చింది. ఇవి సోల్ లోపలికి ఒదిగి ఉంటాయి కనుక దిగి నడవడం సులువు.

అందానికి కూడా ఈ తేడాతో సంబంధం ఉంది. రెండు బోల్టుల బూట్లలో చాలావాటికి అడుగున రబ్బరు పళ్లు ఉండి సోల్ మందంగా కనిపిస్తుంది, అందువల్ల సన్నని గొట్టాల ఫ్రేము మీద అవి బరువుగా తోస్తాయి. మూడు బోల్టుల బూట్ల సోల్ పలుచగా, నునుపుగా ఉండి రోడ్డు సైకిలు గీతలో కలిసిపోతుంది. అయితే మీరు ప్రతి సవారీలోను టీ బండి దగ్గర ఆగేవారైనా, పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం దగ్గర దిగి బూట్లు విప్పి లోపలికి వెళ్లే అలవాటు ఉన్నవారైనా, రెండు బోల్టుల పద్ధతే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే మూడు బోల్టుల క్లీట్లతో నున్నటి బండల మీద నడిచేవారిలో జారనివారు తక్కువ. పళ్లు లేని నునుపైన సోల్‌తో రెండు బోల్టులకు అమరే బూట్లు కూడా దొరుకుతాయి. చూపు, నడక రెండూ కావాలనుకునేవారు వాటిని వెతకాలి.

రెండవది కొలత. సాయంత్రం పూట, పాదం కొద్దిగా ఉబ్బి ఉన్నప్పుడు, గోడకు మడమ ఆనించి కాగితం మీద నిలబడి, పొడవైన వేలి కొస దగ్గర పెన్సిలుతో గీత పెట్టి కొలవండి. రెండు పాదాలనూ కొలిచి, పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోండి. సైకిలు బూట్లకు సాధారణంగా యూరప్ నంబర్లు ఉంటాయి, వాటిలో ఒక నంబరుకూ తరువాతి నంబరుకూ తేడా సెంటీమీటరులో మూడింట రెండు వంతులు. మనం రోజూ వేసుకునే చెప్పుల నంబరును బట్టి ఊహించడం కన్నా, తయారీదారు ఇచ్చిన సెంటీమీటర్ల పట్టికను చూడడమే సరైన దారి. మన ఎండల్లో గంటన్నర తొక్కేసరికి పాదం మరింత ఉబ్బుతుంది కనుక, వేళ్ల ముందు కొంచెం ఖాళీ తప్పక ఉండాలి. ఎంత అందమైన బూటైనా చిటికెన వేలిని నొక్కితే దాన్ని అక్కడే వదిలేయండి. కార్బన్ సోల్ ఉన్న బూటు వాడేకొద్దీ సాగి సర్దుకుంటుందన్న ఆశ పెట్టుకోవద్దు, ఆ సోల్‌కు వంగే గుణమే ఉండదు.

సైకిలును చీరలాగా చదవడం

ఇప్పుడు అసలు పనికి వద్దాం. సైకిలును తుడిచి, చైను ఉన్న వైపు మీకు కనిపించేలా సాదా గోడకు ఆనించండి. ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల వేళ నీడపట్టున ఉంచి ఒక ఫొటో, ఎండలో ఉంచి మరొక ఫొటో తీయండి. పది అడుగుల దూరం నుంచి కళ్లు సగం మూసి చూస్తే, చిన్న చిన్న వివరాలు మాయమై, రంగులు ముద్దలుగా మిగులుతాయి. ఆ ముద్దలను మూడు పేర్లతో రాసుకోండి.

ఒళ్లు అంటే ఫ్రేము, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుల మీద ఎక్కువ భాగం పరుచుకున్న రంగు. అంచు అంటే తక్కువ చోటు ఆక్రమించినా చూపును పట్టి ఆపే రంగు. ఫ్రేము మీద రాసిన పేరు, ఫోర్కు లోపలి వైపు పూత, హ్యాండిలుకు చుట్టే బార్ టేపు, సీటు మీది గీత, టైరు పక్క గోడ, వీటిలో ఏదైనా అంచు కావచ్చు. కొంగు అంటే ఒకేచోట కనిపించే ప్రత్యేకత, ఉదాహరణకు సీటు కింది గొట్టం మీద చుట్టిన పట్టీ లాంటిది. కొంగును బట్టి బూట్లు కొనవద్దు. అది ఒక్కచోట ఉన్నందువల్లనే అందంగా ఉంటుంది, దాన్ని కాళ్ల దగ్గరకు దించితే ఉన్న విశేషం పోతుంది.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. బూటు ఎప్పుడూ ఫ్రేము పై గొట్టం పక్కన ఉండదు. అది పెడల్‌ను మోసే కడ్డీ అయిన క్రాంకుతో పాటు గుండ్రంగా తిరుగుతూ, చైను, పళ్లచక్రం, ముందు చక్రం వెనుక భాగం, కింది గొట్టం దిగువ సగం, వీటి నడుమనే కదులుతుంది. అంటే బూటు వెనుక నేపథ్యంగా కంటికి ఆనేది క్రాంకు రంగు, రిమ్ము రంగు. పై గొట్టం మీద ఎంత చక్కటి నీలం ఉన్నా, కింది సగమంతా నల్లగా ఉంటే మీ బూటు కలవవలసింది ఆ నలుపుతో, దాని మీది అక్షరాలతో. వెండి రంగు క్రాంకు, వెండి రంగు రిమ్ములు ఉన్న పాత తరహా సైకిలు మీద ముదురు నల్ల బూటు కత్తిరించి అతికించినట్లు కనిపించడానికి కారణం ఇదే.

నలుపు, తెలుపు, అంచు రంగు

నలుపు అందరికీ తెలిసిన సురక్షిత మార్గం. టైర్లు, సీటు, టేపు, క్రాంకు చాలా సైకిళ్లలో నల్లగానే ఉంటాయి కనుక నల్ల బూటు ఎక్కడా ఎదురు తిరగదు. రోడ్డు పోటీల చరిత్రలో చాలాకాలం పాటు నల్ల తోలు బూట్లే రాజ్యమేలాయి. కానీ మొత్తం నల్లగా ఉన్న సైకిలు మీద, నల్ల నిక్కరు, నల్ల మేజోళ్లతో కలిపి నల్ల బూట్లు వేసుకుంటే మనిషి కాలు ఎక్కడ ముగిసి యంత్రం ఎక్కడ మొదలైందో తెలియదు. అలాంటి సైకిలుకు బూడిద రంగో, నలుపులోనే వేరే నేతో ఉన్న బూటు మేలు. ఏప్రిల్, మే నెలల్లో మన ప్రాంతంలో నల్ల బూటు ఎండను తాగి పాదాన్ని కాలుస్తుందన్నది మరొక లెక్క. నల్లదే కావాలనుకుంటే పైభాగంలో జాలీ నేత ఎక్కువగా ఉన్నదాన్ని, సోల్ అడుగున గాలి రంధ్రాలు ఉన్నదాన్ని ఎంచుకోండి.

తెలుపు బూటు రోడ్డు సైకిలు మీద నిజంగా అందంగా ఉంటుంది, కాలు తిరుగుతున్న తీరును కూడా స్పష్టంగా చూపిస్తుంది. అయితే తెలుపుకు తోడు కావాలి. సైకిలు మీదనో, మీ మీదనో మరొకచోట తెలుపు లేకపోతే, అది శనివారం బడికి వేసుకు వెళ్లిన తెల్ల కాన్వాసు బూట్లను గుర్తుచేస్తుంది. ఆ తోడు పెద్దదిగా ఉండనక్కర లేదు, ఫ్రేము మీది తెల్లని అక్షరాలో, తెల్ల హెల్మెటో, తెల్ల మేజోళ్లో చాలు. తెలుపుల్లోనూ తేడాలున్నాయి. సున్నపు తెలుపుకు నీలి ఛాయ ఉంటుంది, పాలమీగడ తెలుపుకు పసుపు ఛాయ ఉంటుంది. తేనె రంగు తోలు సీటు, గోధుమ రంగు టైరు గోడలు ఉన్న సైకిలుకు మీగడ తెలుపే నప్పుతుంది. దాని మీద సున్నపు తెల్ల బూటు కొత్త కుండ మీద పాత మూతలాగా ఉంటుంది.

మూడవ దారి అంచు రంగు. దీనిలోనే ఎక్కువ ఆనందం ఉంది, ఎక్కువ పొరపాట్లు జరిగేదీ ఇక్కడే. నియమం ఒకటే: అచ్చంగా కలిసే రంగు దొరికితే తీసుకోండి, దొరకకపోతే దగ్గరి రంగుతో రాజీపడకుండా స్పష్టంగా వేరే రంగుకు వెళ్లండి. దాదాపు కలిసిన రంగు పొరపాటులాగా కనిపిస్తుంది, బాగా దూరంగా ఉన్న రంగు మాత్రం కావాలని ఎంచుకున్నట్లు కనిపిస్తుంది. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచును విడిగా నేసి కలుపుతారు. ఒళ్లు చిలకపచ్చ అయితే అంచు వంకాయ రంగులో ఉండవచ్చు. రెండింటి మధ్య దాపరికం లేదు కనుకనే ఆ కూర్పు నిలబడింది. ఇటలీలో 1885లో మొదలైన బియాంకి సంస్థ సైకిళ్లకు ప్రసిద్ధమైన చెలెస్తే అనే లేత ఆకుపచ్చ నీలాన్ని తీసుకోండి. ఆ రంగు కూడా దశాబ్దాల మీదుగా ఛాయ మారుతూ వచ్చింది. అందువల్ల ఆ సైకిలు ఉన్నవారు చెలెస్తే బూట్ల కోసం వెతికి అలసిపోవడం కన్నా, నల్ల బూటు మీద సన్నని చెలెస్తే గీత ఉన్నదాన్నో, సాదా తెల్లదాన్నో తీసుకోవడం తెలివైన పని.

మూడు రంగులు సమానంగా ఉన్న సైకిలుకు ఏం చేయాలన్న ప్రశ్న తరచూ వస్తుంది. పుట్టపాకలో నేసే తేలియా రుమాలులో సంప్రదాయంగా ఉండేవి ఎరుపు, నలుపు, తెలుపు మాత్రమే. దగ్గర నుంచి చూస్తే ఎంత చిక్కటి నమూనా ఉన్నా, దూరం నుంచి ఒక రంగే ముందుకు వచ్చి మిగిలినవి దానికి గట్టు కడతాయి. మీ సైకిలులో కూడా దూరం నుంచి ముందుకు వచ్చే రంగును వదిలేసి, గట్టు కట్టే రంగుల్లో ముదురుగా ఉన్నదాన్ని బూట్లకు ఇవ్వండి.

మెరుపు, నేత, బిగింపు

రంగు కలిసినా పూత కలవకపోతే పని చెడుతుంది. మెరుపు లేని పూత ఉన్న ఫ్రేముకు పేటెంటు తోలులాగా మెరిసే బూట్లు పరాయివిగా ఉంటాయి. మెరిసే ఫ్రేముకు మెరుపు లేని బూట్లు మాత్రం ఇబ్బంది పెట్టవు, కాబట్టి సందేహం వస్తే మెరుపు తక్కువ ఉన్నదే తీసుకోండి. సన్నని ఉక్కు గొట్టాల సైకిలుకు లేసులున్న బూట్లు ఎంతో హుందాగా ఉంటాయి. అయితే దారిలో ఒక చేత్తో బిగించుకోలేరు, వదులైన కొస చైనులో పడకుండా దోపుకోవాలి. వెడల్పైన కార్బన్ గొట్టాలు, లోతైన రిమ్ములు ఉన్న సైకిలుకు తిప్పి బిగించే డయలు ఉన్న నునుపైన బూటు సరిపోతుంది. వెల్క్రో పట్టీలు ఎక్కడైనా సర్దుకుపోతాయి. కాకపోతే మన దుమ్ములో వాటి ముళ్లు త్వరగా నిండి పట్టు తగ్గుతుంది, పాత టూత్ బ్రష్షుతో అప్పుడప్పుడు దువ్వుతూ ఉండాలి.

క్లీట్ల రంగును మాత్రం అందం లెక్కలోకి తీసుకోవద్దు. ఆ రంగుకు అర్థం ఉంది. షిమానో మూడు బోల్టుల క్లీట్లలో ఎరుపుది పాదాన్ని అటూఇటూ కదలనివ్వదు, నీలం 2 డిగ్రీలు, పసుపు 6 డిగ్రీలు కదలనిస్తుంది. లుక్ కియో రకంలో నలుపు కదలనివ్వదు, బూడిద రంగు 4.5, ఎరుపు 9 డిగ్రీల కదలిక ఇస్తాయి. ఒక సంస్థ ఎరుపుకూ మరొక సంస్థ ఎరుపుకూ అర్థం పూర్తిగా తలకిందులని గమనించండి. కొత్తవారు ఎర్ర సైకిలుకు కలుస్తుందని షిమానో ఎర్ర క్లీట్లు బిగించుకుంటే, పాదం కోణంలో చిన్న తేడా ఉన్నా ఆ భారమంతా మోకాలి మీద పడుతుంది. కొత్తవారికి పసుపే సరైనది, ఎలాగూ తొక్కుతున్నంతసేపు అది ఎవరికీ కనిపించదు.

మేజోళ్లు

బూటుకూ కాలుకూ మధ్య వంతెన ఇదే కనుక, బూటు రంగులో జరిగిన చిన్న తప్పును మేజోడు సరిదిద్దగలదు. నేను తెచ్చుకున్న ఆ టమాటా ఎర్ర బూట్లను చివరికి కాపాడింది సాదా తెల్ల మేజోళ్లే. ఫ్రేము ఎరుపుకూ బూటు ఎరుపుకూ మధ్య తెలుపు నిలబడడంతో, కన్ను రెండింటినీ పోల్చడం మానేసింది. బూట్లు గట్టి రంగులో ఉంటే మేజోళ్లు సాదాగా, బూట్లు సాదాగా ఉంటే మేజోళ్లలో అంచు రంగు ఉండేలా చూసుకోండి. రెండూ మాట్లాడితే గోల అవుతుంది. పొడవు విషయానికి వస్తే, చీలమండ పైన పిక్క మొదట్లో ఆగే మేజోడు రోడ్డు సైకిలుకు నప్పుతుంది. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య పోటీల కోసం దీనికి కూడా హద్దు గీసింది: చీలమండ ఎముకకూ మోకాలి కింద బయటి వైపున ఉండే ఎముక తలకూ నడుమ ఉన్న దూరంలో సగాన్ని మించకూడదు. పోటీలకు వెళ్లనివారికి ఆ నియమంతో పని లేకపోయినా, చూపుకు అది మంచి కొలతే.

జాతీయ రహదారి మీద కనబడడం

అయిదున్నరకు బయలుదేరి హైదరాబాదు, విజయవాడల నడుమ ఉన్న 65వ నంబరు రహదారి మీదనో, జడ్చర్ల, భూత్పూరుల మీదుగా పోయే 44వ నంబరు రహదారి మీదనో తొక్కేవారు అందంతో పాటు మరొకటి ఆలోచించాలి. వెనుక నుంచి వచ్చే లారీ డ్రైవరుకు కదలకుండా ఉండే చొక్కా కన్నా పైకీ కిందికీ కదిలే పాదం త్వరగా మనిషిగా గుర్తుకు వస్తుంది. అందువల్ల మడమ వెనుక కాంతిని తిప్పికొట్టే పట్టీ ఉన్న బూటును ఎంచుకోండి, లేకపోతే అలాంటి పట్టీ కొని అతికించండి. పగలు బూడిద రంగులో కనిపించే ఈ పట్టీ ఏ కూర్పునూ చెడగొట్టదు. మెరిసే నిమ్మపసుపు, నారింజ రంగుల బూట్లు పగటి వెలుగులో, సంధ్య వేళలో చక్కగా కనబడతాయి. చీకట్లో హెడ్‌లైటు ముందు వాటికి ఆ శక్తి ఉండదు, అక్కడ పనిచేసేది పట్టీ మాత్రమే.

కొనే ముందు, కొన్న తరువాత

దుకాణానికి వెళ్లేటప్పుడు సైకిలును తీసుకువెళ్లలేకపోతే, మిగిలిపోయిన బార్ టేపు ముక్కనో, అంచు రంగు ఉన్న బాటిల్‌నో వెంట తీసుకువెళ్లండి. చీరకు దారం కలపడానికి చీర కొంగు పట్టుకుపోతాం కదా, ఇదీ అంతే. ఫోన్లో ఉన్న ఫొటోను నమ్మవద్దు, ఫోను తనకు తోచినట్లు తెలుపును సర్దుతుంది. బూటును గుమ్మం బయటికి తెచ్చి, ముక్క పక్కన పెట్టి ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి చూడండి. దుకాణం వెలుగులో ఒక్కటిగా కనిపించిన రెండు రంగులు ఎండలో విడిపోవడం వాటి రంగు పదార్థాలు వేరు కావడం వల్ల జరిగే సహజమైన పని, అందులో దుకాణదారు మోసం ఏమీ లేదు.

ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే, నచ్చిందని తేలేవరకు క్లీట్లు బిగించకండి, ఎందుకంటే సోల్ మీద క్లీటు ఆనవాలు పడితే తిరిగి తీసుకోరు. బూట్లు వేసుకుని, గోడ పట్టుకుని సైకిలు మీద కూర్చుని, ఒకరి చేత పక్క నుంచి ఫొటో తీయించండి. కాలు కిందికి ఉన్నప్పుడు ఒకటి, ముందుకు ఉన్నప్పుడు ఒకటి, రెండు ఫొటోలు చాలు. బూటును చేతిలో పట్టుకుని చూసినప్పటి అభిప్రాయం ఈ ఫొటోలో తరచుగా మారిపోతుంది.

అప్పటికీ కలవలేదా? బూట్లు మార్చకండి, టేపు మార్చండి. మంచి బూట్లకు వేలల్లో ఖర్చవుతుంది, బార్ టేపుకు వందల్లో సరిపోతుంది. పైగా టేపు ఎలాగూ చెమటకు పాడై మార్చవలసి వచ్చేదే. పాదానికి సరిగ్గా అమరిన బూటు దొరకడం రంగు దొరకడం కన్నా కష్టం కనుక, అమరిన బూటును కేంద్రంగా పెట్టుకుని సైకిలు అంచునే దానికి తగ్గట్టు మార్చుకోవడం నా దృష్టిలో ఉత్తమమైన పద్ధతి. బూడిద రంగు బూటు, బూడిద రంగు టేపు వేసిన ఒక సాధారణ అల్యూమినియం సైకిలు, ఖరీదైన సైకిళ్ల పక్కన కూడా చూపు నిలిపిన సందర్భాలు చూశాను.

ఇక ఎర్రమట్టి సంగతి. మన చెల్క నేలల్లో ఇనుపధాతువు ఎక్కువ, ఆ దుమ్ము తడిసి ఆరితే తెల్ల బూటుకు ఇటుక రంగు మరక పడుతుంది. కొల్లాపూరు వైపో, దేవరకొండ వైపో వానాకాలంలో తొక్కి వచ్చాక, తడి మట్టిని వెంటనే రుద్దకండి, రుద్దినకొద్దీ అది నేతలోకి దిగుతుంది. నీడలో పూర్తిగా ఆరనిచ్చి, పొడి బ్రష్షుతో దులిపి, ఆ తరువాత గోరువెచ్చని నీళ్లలో కొంచెం సబ్బు కలిపి మెత్తని టూత్ బ్రష్షుతో కడగండి. బ్లీచింగు వాడితే కృత్రిమ తోలు పసుపెక్కుతుంది. లోపలి అట్టలు తీసి వేరుగా ఆరబెట్టి, బూట్లలో వార్తాపత్రిక ఉండలు చేసి కూరి, గంటకొకసారి మార్చండి. మేడ మీద ఎండలో పెట్టడం, వేసవిలో కారు డిక్కీలో వదిలేయడం సోల్‌ను అతికించిన జిగురుకు చేటు. కడిగిన ప్రతిసారీ క్లీటు బోల్టులు వదులయ్యాయేమో చేత్తో కదిపి చూసి, వాటి తలల్లో ఇరుకున్న మట్టిని సూదితో తీసేయండి. లేకపోతే క్లీటు మార్చే రోజున అలెన్ తాళం లోపలికి దిగదు.